బోరు నీళ్ల ఊళ్లలో జుట్టుకు నూనె: ఎంచుకోవడం నుంచి తలకు పోసుకునే దాకా

పొయ్యి మీది నుంచి ఆముదం దించే ముందు అమ్మమ్మ ఒక పని చేసేది. ఇంత పత్తి తీసుకొని వత్తిగా నలిపి, గిన్నెలోని నూనెలో ముంచి, మంటకు అంటించేది. చిటచిటమంటే "ఇంకా నీళ్లున్నయ్ బిడ్డా, ఆగు" అనేది. చప్పుడు లేకుండా నిలకడగా వెలిగితే కొంగుతో గిన్నె పట్టుకొని దించేది. నల్లగొండ జిల్లా దేవరకొండ పక్కన చల్కా నేలల ఊరు మాది. నీళ్లు పారని ఆ ఎర్ర నేలల్లో ఆముదమే పంట. దీపంలో ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, పసిపిల్లల కడుపు మీద ఆముదం, మా నెత్తిన ఆముదం.

ఇప్పుడు ఆ చేన్లన్నీ పత్తి అయినయ్. మా ఇండ్లలో ఆడపిల్లలు నూనె అంటేనే ముఖం తిప్పుకుంటున్నారు. ఒకవైపు నూనె రాస్తే జుట్టు మోకాళ్ల దాకా పెరుగుతుందని చెప్పేవాళ్లు, ఇంకోవైపు నూనె అసలు పనికిరాదని చెప్పేవాళ్లు. ఈ రెండు మాటల మధ్య మంచి అలవాటు ఒకటి పోతోందని నా బాధ. ఇరవై ఏళ్లకు పైగా నడుము దాకా జుట్టుతో, ఎక్కువ కాలం బోరు నీళ్లతోనే బతికినదాన్ని. నాకు పనికొచ్చింది, పనికిరానిది వరుసగా చెబుతాను.

ముందు ఇది తెలుసుకోవాలి: నూనె చేసే పని ఏమిటి

నెత్తి మీద కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. ప్రాణమంతా చర్మం కింద, కుదురులో ఉంటుంది. బయటికి వచ్చిన వెంట్రుక గట్టిపడిన కెరటిన్ అనే ప్రొటీన్. దాని మీద చేప పొలుసుల్లా, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకున్న పొర ఉంటుంది. ఆ పొర సాఫీగా ఉంటే జుట్టు మెరుస్తుంది, చేతికి జారుతుంది. పొలుసులు లేస్తే ఒక వెంట్రుకను ఇంకోటి పట్టుకుంటుంది. అదే చిక్కు.

వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాకా జడ ఉన్నమ్మకు ఆ జడ కొసకు ఆరేడేళ్ల వయసు. ఆరేడేళ్ల ఎండ, దువ్వెన, రబ్బరు బ్యాండు, బోరు నీళ్లు అన్నీ ఆ కొసే పడింది. కుదుళ్ల దగ్గర జుట్టు నిన్నమొన్నటిది, దానికి మన సాయం పెద్దగా అక్కరలేదు. సాయం కావలసింది కొసలకు. మనలో చాలామంది చేసేది దీనికి తలకిందులు: మాడు మీద ఇంత నూనె పోసి మర్దన చేసి, చేతికి మిగిలిన జిడ్డు కొసలకు తుడుస్తారు.

ఇంకో సంగతి. నీళ్లు తగలగానే వెంట్రుక ఉబ్బుతుంది, సుమారు 15 శాతం దాకా లావెక్కుతుంది. ఆరితే మళ్లీ సన్నబడుతుంది. వారం వారం ఇట్లా ఉబ్బడం, ముడుచుకోవడం వల్ల పొలుసులు లేచిపోతాయి, లోపలి ప్రొటీన్ కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. నీళ్లు పడకముందే వెంట్రుకకు నూనె పట్టి ఉంటే లోపలికి పోయే నీళ్లు తగ్గుతాయి. అందుకే పెద్దవాళ్లు తలకు పోసుకునే ముందు నూనె పెట్టించారు. తలంటు అన్న మాటలో ఆ వరుస దాగి ఉంది: ముందు అంటడం, తర్వాత పోసుకోవడం.

నూనెతో కొత్త వెంట్రుకలు మొలుస్తాయని నేను చెప్పను. ఉన్న జుట్టు తెగకుండా, చిట్లకుండా నిలబడుతుంది. తెగడం ఆగితే జుట్టు పెరిగినట్టే కనిపిస్తుంది, అంతే. ఆ మేలు చిన్నదేమీ కాదు.

మొదటి మెట్టు: మీ నీళ్లు, మీ జుట్టు చూసుకోండి

నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది పళ్లకు, ఎముకలకు వచ్చిన కష్టం. జుట్టు విషయంలో మనం చూడవలసింది నీళ్ల కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బకెట్ అంచున, నల్లా మూతి దగ్గర తెల్లగా పొర కడుతుందా? బియ్యం కడిగే గిన్నె అడుగున తెల్లటి మచ్చలు మిగులుతాయా? సబ్బు నురగ రాక విరిగిపోతుందా? అయితే మీవి గట్టి నీళ్లు. అదే తెల్లపొర వెంట్రుక మీద కూడా పేరుకొని బిరుసు చేస్తుంది. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో ఒక వారం వాటితో, ఒక వారం బోరు నీళ్లతో పోసుకొని చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

తర్వాత జుట్టు. దువ్వెనకు వచ్చిన వెంట్రుక ఒకటి తీసుకోండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని కొస నుంచి కుదురు వైపుకు జార్చండి. గరగర బాగా ఎక్కువగా తగిలితే పొలుసులు లేచినట్టు. కొస రెండుగా చీలి ఉంటే ఏ నూనె దాన్ని అతికించదు. అరంగుళం కత్తిరించుకొని మొదలుపెట్టండి. రాలిన వెంట్రుకకు ఒక చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి రాలింది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. తెగినదానికి నూనె మందు. కుదురు నుంచి రాలేది రోజుకు యాభై నుంచి వంద దాకా ఎవరికైనా మామూలే.

రెండో మెట్టు: ఏ నూనె

కొబ్బరి నూనెతో మొదలుపెడతాను. అది మన నేల పంట కాదు, కోనసీమ నుంచో కేరళ నుంచో వస్తుంది. అయినా వెంట్రుక లోపలికి ఇంకే గుణంలో దాన్ని మించింది నాకు తెలిసి లేదు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు పొట్టిగా, నిటారుగా ఉంటుంది కాబట్టి పొలుసుల సందుల్లోంచి లోపలికి దూరుతుంది. కొబ్బరి నూనెను, మినరల్ ఆయిల్‌ను, సన్‌ఫ్లవర్ నూనెను పోల్చి చూసిన అధ్యయనం 2003లో అచ్చయింది. మూడింటిలో కొబ్బరి నూనె ఒక్కటే ప్రొటీన్ పోవడాన్ని గట్టిగా తగ్గించిందని అందులో తేలింది. కడగడానికి ముందు పెట్టినా, తర్వాత పెట్టినా.

ఇక మన ఆముదం. ఒకప్పుడు ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాలు ఆముదానికి పెట్టింది పేరు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం పరిశోధనా స్థానం నుంచి క్రాంతి, హరిత లాంటి రకాలు వచ్చాయి. ఆముదంలో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఇంకే వంట నూనెలోనూ లేని ఈ ఆమ్లం వల్లే దానికి ఆ చిక్కదనం, ఆ అంటుకునే గుణం. ఆముదం వెంట్రుక లోపలికి పోదు, పైన దుప్పటిలా కప్పుతుంది. తేమను పోనివ్వదు, మెరుపు ఇస్తుంది, లేచిన పొలుసులను అణచిపెడుతుంది. కొబ్బరి లోపలికి పోతే, ఆముదం బయట కాపలా కాస్తుంది. రెండూ కలిస్తేనే పని పూర్తవుతుంది.

అయితే ఉట్టి ఆముదం వాడవద్దు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. డిగ్రీ చదివే రోజుల్లో ఒక శనివారం రాత్రి అరపావు ఆముదం నెత్తిన పోసుకొని పడుకున్నాను. పొద్దున బోరు నీళ్లు పోసుకొని, జుట్టంతా నడినెత్తి మీదికి కుప్ప చేసి, సబ్బు రుద్దినట్టు గట్టిగా రుద్దాను. కడిగాక చూస్తే మెడ వెనక జుట్టు గుడ్డముద్దలా అయింది, వేలు దూరదు. ఊళ్లో బ్యూటీ పార్లర్‌లో కత్తెర తప్ప దారి లేదన్నారు. మా అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి, కొబ్బరి నూనె వేళ్లతో రాస్తూ, పిన్నీసు మొనతో ఒక్కొక్క పోగు విడదీసింది. మధ్యాహ్నం అన్నాల వేళ దాటింది. సగం దక్కింది, గుప్పెడంత కత్తిరించక తప్పలేదు. చిక్కటి ఆముదం, అడ్డదిడ్డంగా రుద్దడం, ఈ రెండూ కలిస్తే ఎవరికైనా ఇదే గతి.

నువ్వుల నూనె నాకు ఇష్టం. చలికాలంలో పేరుకోదు, ఆముదాన్ని బాగా పలుచన చేస్తుంది, దానిలో సహజంగా ఉండే పదార్థాల వల్ల తొందరగా ముక్కవాసన పట్టదు. కొబ్బరి వాసన పడనివాళ్లకు ఇదే మేలు. వనపర్తి, గద్వాల వైపు పల్లి నూనె దండిగా దొరుకుతుంది. అదీ వాడుకోవచ్చు, కాకపోతే ఇంట్లో ఎవరికైనా పల్లీలు పడకపోతే దాని జోలికి పోకండి. కుసుమ నూనె తేలిక, సన్నటి జుట్టుకు బాగుంటుంది. గాలి తగిలితే త్వరగా చెడిపోతుంది కాబట్టి చిన్న సీసాలో కొని నెలా రెండు నెలల్లో అయిపోగొట్టాలి.

నల్లమల అంచున అమ్రాబాద్, మన్ననూరు వైపు ఇప్ప చెట్లున్నాయి. ఇప్ప గింజల నూనె చల్లబడితే నెయ్యిలా పేరుకుంటుంది. మంచిది దొరికితే బిరుసు కొసలకు గోరంత రాసుకోండి. వేప, కానుగ నూనెలు మెత్తదనం కోసం వాడేవి కావు. వాసన ఘాటు, చర్మం మండవచ్చు. వేప నూనె చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, వాళ్లకు అందకుండా పెట్టండి. పేలు పోవాలంటే నూనె కన్నా పేలదువ్వెన, ఓపిక ముఖ్యం.

మూడో మెట్టు: కొనేటప్పుడు

ఇప్పుడు ప్రతి పట్నంలో కట్టె గానుగలు పెట్టారు. గింజ మీ ముందే పోసి తీస్తున్నారా చూసుకోండి. సీసా మీద తీసిన తేదీ అడిగి మీరే రాయించుకోండి. కొత్తగా తీసిన నూనె అడుగున మడ్డి ఉంటుంది. రెండు రోజులు కదిలించకుండా ఉంచి, పైది తేరవార్చి వాడాలి.

ఆముదంలో కల్తీ కనిపెట్టడానికి నేను చేసే పని తూకం. మిగతా నూనెలు నీళ్ల కన్నా బాగా తేలిక. వంద మిల్లీలీటర్లు 91, 92 గ్రాములు తూగుతాయి. ఆముదం 96 గ్రాముల దాకా తూగుతుంది. పాలసీసా మీద గీతలుంటాయి కదా, దానితో వంద మిల్లీలీటర్లు కొలిచి వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టండి, సీసా బరువు తీసేయండి. ఒకసారి అంగట్లో ఆముదమని కొన్నది 92 తూగింది. వేలి నుంచి తీగలా సాగకుండా నీళ్లలా కారినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

కొబ్బరి నూనెకు ఫ్రిజ్ పరీక్ష చాలు. చిన్న గ్లాసులో పోసి పెడితే అరగంట, గంటలో మొత్తం తెల్లగా గడ్డకట్టాలి. పైన నూనె పొర విడిగా నిలిస్తే వేరే నూనె కలిసినట్టే. 24 డిగ్రీల కింద కొబ్బరి నూనె గడ్డకట్టడం దాని గుణం, కార్తీకం చలిలో పేరుకుంటే కంగారుపడకండి. సీసాను వేడినీళ్ల చెంబులో నిలబెట్టండి, నేరుగా పొయ్యి మీద పెట్టకండి.

నూనె గాజు సీసాలో, చీకటి అరలో ఉండాలి. మన ఎండాకాలంలో కిటికీ పక్కన పెట్టిన నూనె నెల తిరక్కుండా ముక్కిపోతుంది. ముక్కవాసన వచ్చిన నూనె జుట్టుకూ వద్దు.

వంటాముదం ఇంట్లో తీసేవాళ్లకు

గింజలు దంచి, నీళ్లలో ఉడికించి తీసేదే వంటాముదం. కొనుక్కునేవాళ్లు ఈ భాగం వదిలేయవచ్చు. కానీ చేను ఉన్నవాళ్లు, గింజ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు జాగ్రత్త. ఆముదపు గింజలో రైసిన్ అనే విషం ఉంది. మచ్చలతో నిగనిగలాడే ఆ గింజలను పిల్లలు ఆడుకోవడానికి తీసుకుంటారు, నోట్లో పెట్టుకోనివ్వకండి. ఆ విషం నూనెలో కరగదు, పిప్పిలో మిగులుతుంది. వేడికి చెడిపోతుంది. అయినా పిప్పిని పశువులకు పెట్టకండి, చెట్ల పాదుల్లో కూడా కోళ్లు, కుక్కలు తవ్వని చోట లోతుగా పూడ్చండి. దంచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము కొందరికి తుమ్ములు, ఆయాసం తెస్తుంది.

గింజలను ఎండబెట్టి, మట్టి పెంకలో సన్నటి సెగ మీద వేయించాలి. గింజ పైపొట్టు పగిలి లోపలి పప్పు లేత గోధుమ రంగుకు రావాలి. మాడితే నూనె నల్లబడి చేదు వాసన వేస్తుంది. చల్లారాక రోట్లో మెత్తగా, నూనె చేతికి అంటేంత దంచాలి. పెద్ద గిన్నెలో ముద్దకు మూడు నాలుగింతల నీళ్లు మరిగించి, ముద్ద వేసి, సన్నటి మంట మీద గంట, గంటన్నర ఉడికించాలి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. మెల్లగా పైన బంగారు రంగు కళ్లు తేలతాయి, ఒకదానితో ఒకటి కలిసి పొర కడతాయి. మంట తగ్గించి, కాసిని చల్లటి నీళ్లు చల్లితే నూనె ఇంకా తేటగా పైకి వస్తుంది. గంటెతో పొరను మాత్రమే వేరే గిన్నెలోకి తీయాలి, తొందరపడితే కింది నీళ్లు వస్తాయి.

తీసినదాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి మిగిలిన నీళ్లు ఇగరనివ్వాలి. ఇక్కడే ఆ వత్తి పరీక్ష. చిటచిట ఆగేదాకా దించకండి. నీళ్లు మిగిలిన నూనె పది రోజుల్లో పులిసిన వాసన వేస్తుంది.

నాలుగో మెట్టు: కలపడం

నేను వాడే పాళ్లు ఇవి. మామూలు నల్లటి దట్టమైన జుట్టుకు మూడు పాళ్లు కొబ్బరి నూనె, ఒక పాలు ఆముదం. సన్నటి, తొందరగా జిడ్డు పట్టే జుట్టుకు ఐదు పాళ్లు కొబ్బరి లేదా కుసుమ, ఒక పాలు ఆముదం. ఉంగరాల జుట్టుకు, రంగు వేసి ఎండిపోయిన జుట్టుకు రెండు పాళ్లు కొబ్బరి, ఒక పాలు ఆముదం, కాస్త నువ్వుల నూనె. ఎక్కువ కలిపి పెట్టకండి, రెండు వందల మిల్లీలీటర్లు ఒక మనిషికి రెండు నెలలు వస్తుంది.

ఆకుల నూనె కాచుకోవాలనుకుంటే ఆయుర్వేదంలో చెప్పిన కొలత తేలిక: ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, ఆకు రసం లేదా నీళ్లు పదహారు పాళ్లు. అంటే 50 గ్రాముల ముద్ద, 200 మిల్లీలీటర్ల నూనె, 800 మిల్లీలీటర్ల ద్రవం. గుంటగలగరాకు చెరువు గట్ల మీద, వరి గెట్ల మీద వానాకాలమంతా దొరుకుతుంది. తెల్లటి చిన్న పూలు, తుంచితే నల్లబడే కాడ దాని గుర్తు. మందు కొట్టిన చేను గట్టున కోయకండి. మందార ఆకు, కరివేపాకు కూడా ముద్దలో కలుపుకోవచ్చు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో అన్నీ వేసి సన్నటి మంట మీద కాయాలి. చివర్లో నూనె మీద నురుగు లేస్తుంది, ముద్దను రెండు వేళ్ల మధ్య నలిపితే వత్తిలా సాగుతుంది, నిప్పులో వేస్తే చప్పుడు రాదు. అదే పాకం. అప్పుడే దించి, గోరువెచ్చగా ఉండగానే పలుచటి బట్టలో వడకట్టండి. తడి ఆకులను వేడి నూనెలో ఒక్కసారి పడేస్తే చిందుతుంది, ముఖం దూరంగా పెట్టండి.

ఆ వాసన కోసం, మనసు చల్లబడటం కోసం నేను కాచుకుంటాను. వెంట్రుకను మెత్తబరిచేది మాత్రం ఆ గిన్నెలోని నూనే. కాచే తీరిక లేనివాళ్లు ఉట్టి నూనెలు కలుపుకున్నా వాళ్లకు తక్కువేమీ కాదు.

ఐదో మెట్టు: పెట్టడం

కొత్త నూనె అయితే ముందు మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే తలకు.

జుట్టు పొడిగా ఉండాలి. దుమ్ముపట్టి ఉంటే ముందు దులపండి. పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. పైనుంచి కిందికి లాగితే చిన్న చిక్కులన్నీ కిందికి చేరి ఒక ముడి అవుతాయి, అక్కడే వెంట్రుకలు తెగుతాయి.

నూనె గోరువెచ్చగా చేసుకోండి. చిటికెన వేలు ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. భుజాల దాకా జుట్టుకు రెండు టీ చెంచాలు, నడుము దాకా ఉంటే నాలుగైదు. మగపిల్లలకు, పొట్టి జుట్టువాళ్లకు అర చెంచా. దీనికి మించి పెడితే ఆ నూనె దిగడానికి ఎక్కువ సబ్బు వాడాలి, దానితో పెట్టిన ఫలం పోతుంది.

జుట్టును నాలుగు పాయలు చేయండి. ఒక్కో పాయకు అరచేతుల మధ్య నూనె రుద్దుకొని ముందు కొసలకు, తర్వాత చెవుల ఎత్తు దాకా, రెండు చేతుల మధ్య పాయను నొక్కుతూ జార్చండి. పొలుసులు కిందివైపే పరచుకొని ఉంటాయి కాబట్టి చేయి పైనుంచి కిందికే నడవాలి. చివరికి చేతులకు మిగిలినదానితో వేళ్ల మొనలు మాడు మీద పెట్టి ఐదు నిమిషాలు మెల్లగా కదపండి. గోళ్లు తగలవద్దు, జుట్టు రుద్దవద్దు, చర్మం కదలాలి.

వదులుగా జడ అల్లి పాత నూలు గుడ్డ చుట్టండి. కనీసం గంట ఉంచాలి. కొబ్బరి నూనె ఉన్న మిశ్రమమైతే రాత్రంతా ఉంచితే ఇంకా లోపలికి పోతుంది. నూనె జుట్టుతో ఎండలో, బండి మీద తిరగకండి. పాలమూరు ఎర్ర దుమ్ము నూనెకు అంటితే కడగడానికి రెండింతల కష్టం. దిండు గలీబు ఆ రోజుకు వేరేది వేసుకోండి.

చుండ్రు ఉన్నవాళ్లు మాడుకు నూనె పెట్టి రాత్రంతా ఉంచవద్దు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఈస్టు కొవ్వులు తినే బతుకుతుంది, నూనె దానికి మేత. వాళ్లు చెవుల కింది జుట్టుకే పెట్టుకోవాలి. నుదుటి మీద మొటిమలు వచ్చేవాళ్లకూ ఇదే మాట. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పయిన మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా ఊడవచ్చు. చాలామందికి ఏడాది లోపు తనంతట తానే సర్దుకుంటుంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా ఊడుతుంది. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోయినా, మాడు మీద పుండ్లు, చీము ఉన్నా నూనె సీసా పక్కన పెట్టి చర్మ వైద్యుల దగ్గరికి పోండి.

ఆరో మెట్టు: తలకు పోసుకోవడం

సగం జుట్టు తెగేది ఇక్కడే, అందుకే నిదానంగా చెబుతాను.

కుంకుడుకాయలంటే నాకు నమ్మకం. సబ్బు గట్టి నీళ్లలో విరిగి తెల్లటి మడ్డి కడుతుంది. కుంకుడు రసంలోని సాపోనిన్లు అట్లా విరగవు. రసం కాస్త పుల్లటి గుణం కలది కాబట్టి పొలుసులు లేవవు. నడుము దాకా జుట్టుకు పది పన్నెండు కాయలు చాలు. రాయితో చితక్కొట్టి గింజలు తీసేసి, తొక్కలను అర లీటరు వేడినీళ్లలో రాత్రే నానేయండి. పొద్దున చేత్తో పిసికితే తెల్లటి నురుగు వస్తుంది. పలుచటి బట్టలో వడకట్టండి. వడకట్టకపోతే తొక్క ముక్కలు జుట్టులో ఇరుక్కుంటాయి. కళ్లు గట్టిగా మూసుకోండి, మంట భరించలేం. పిల్లలకు నుదుటి మీద తడి గుడ్డ కట్టి తల వెనక్కి వంచి పోయండి.

ముందు గోరువెచ్చటి నీళ్లతో జుట్టంతా తడపండి. పొగలు వచ్చే నీళ్లు వద్దు. రసాన్ని మూడు సార్లుగా పోస్తూ మాడును వేళ్ల మొనలతో రుద్దండి. జుట్టు కిందికి వేలాడుతూ ఉండాలి, కుప్ప చేసి నెత్తి మీదికి ఎత్తవద్దు. పాయలను చేత్తో పైనుంచి కిందికి జార్చితే చాలు, కారే నురుగే వాటిని శుభ్రం చేస్తుంది. షాంపూ వాడేవాళ్లు మగ్గు నీళ్లలో ఒక చెంచా కలిపి ఇదే తీరున పోసుకోండి. నేరుగా నెత్తిన వేసి రుద్దితే ఒకచోట ఎండిపోతుంది, ఒకచోట జిడ్డు మిగులుతుంది.

బోరు నీళ్లతో పోసుకున్నా, చివరి రెండు చెంబులు భగీరథ నీళ్లో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లో వాడండి. అవీ లేకపోతే లీటరు నీళ్లలో అర చెక్క నిమ్మరసం వడకట్టి కలిపి జుట్టు మీదుగా పోసి, నిమిషం ఆగి మామూలు నీళ్లు పోసుకోండి. నీళ్ల లవణాలు కొంత దిగిపోతాయి, బిరుసు తగ్గుతుంది. నిమ్మరసం పులుముకొని ఎండలో కూర్చోవద్దు, చర్మం కమిలి మచ్చలు పడుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు ఈ తంతు చాలు.

తడి జుట్టును తువ్వాలతో కొట్టి దులిపే అలవాటు మన ఇండ్లలో అందరికీ ఉంది. మా అమ్మకూ ఉండేది. తడిసిన వెంట్రుక సాగి ఉంటుంది, ఆ దెబ్బకు తెగుతుంది. పాత నూలు చీర ముక్కతో పాయలను నొక్కి నీళ్లు పీల్చనివ్వండి. నీడలో, గాలికి ముప్పావు వంతు ఆరనివ్వండి. అప్పుడు పెద్ద పళ్ల దువ్వెన, మళ్లీ కొసల నుంచే.

ఇంకా కొద్దిగా తేమ ఉండగానే ఆ మిశ్రమంలోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకోండి. రెండే. అరచేతులు రుద్దుకొని, జడ కింది జానెడు భాగానికి మాత్రం అద్దండి. చేతికి ఇంకా జిడ్డు మిగిలితే మోచేతులకు, మడమలకు రాసుకొని జడ వేసుకోండి.